ఒక పన్ను... రెండు క్యూలు

శనివారం రాత్రి పదకొండు దాటింది. కింది దవడలో కుడివైపు, చివరి నుంచి రెండో పన్ను. నొప్పి పంట్లో మొదలై చెవి మీదుగా కణత దాకా ఎక్కుతోంది. వంటింట్లో లవంగాల డబ్బా కోసం అలమరాలన్నీ తీస్తుంటే, మేడమీద చిన్నగదిలో అద్దెకుండే అమ్మాయి మంచినీళ్ల సీసా నింపుకోవడానికి కిందికి వచ్చింది. నా చెంప మీద చెయ్యి చూసి విషయం గ్రహించేసింది. దీపం కింద నిలబెట్టి, ఫోన్ టార్చి వేసి, "నోరు బాగా తెరవండన్నయ్యా" అంది.

పది సెకన్లు చూసింది. "పాత ఫిల్లింగ్ కింద పుచ్చింది. నరం దాకా వెళ్లినట్టుంది. రేపో ఎల్లుండో వాపు వస్తుంది. రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలబడుతుంది."

టార్చి ఆర్పేసింది. "కానీ నేను చెయ్యకూడదు. ఆ మాటకొస్తే ఇప్పుడు చెప్పింది కూడా చెప్పకూడదేమో!" అని నవ్వింది.

ఆ అమ్మాయిది నరసరావుపేట. బీడీఎస్ చదివి, గుంటూరులో మూడేళ్లు ప్రాక్టీసు చేసి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగంతో ఇంగ్లండ్ వచ్చింది. ఇక్కడ ఒక క్లినిక్‌లో డెంటల్ నర్సు. డాక్టరు డ్రిల్లు పట్టుకుంటే పక్కన నిలబడి, రోగి నోట్లో నీళ్లు లాగే గొట్టం పట్టుకుంటుంది. లండన్‌కి పశ్చిమాన, రైల్లో అరగంట దూరంలో ఉన్న రెడింగ్‌లో మా ఇల్లు. ఆ ఇంట్లో ఆ రాత్రి పన్ను నొప్పీ ఉంది, పళ్ల డాక్టరూ ఉంది. రెంటికీ మధ్య 1984 నాటి డెంటిస్టుల చట్టం అడ్డంగా నిలబడింది. ఇక్కడి రిజిస్టరులో పేరు లేనివాళ్లు పన్ను ముట్టుకోవడమే కాదు, డాక్టరులా సలహా ఇవ్వడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే.

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలా ఉంది నా పరిస్థితి. ఇది 2025 అక్టోబరు నాటి సంగతి.

పద్నాలుగు ఫోన్లు

సోమవారం ఎనిమిదిన్నరకల్లా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ వెబ్‌సైట్‌లో మన పిన్‌కోడ్ లాంటిది కొడితే చుట్టుపక్కల క్లినిక్కుల జాబితా వస్తుంది. ప్రతి పేరు కిందా ఒక వాక్యం. కొన్నింటికి 'ఖాళీ ఉన్నప్పుడు కొత్తవారిని తీసుకుంటారు' అని. కొన్నింటికి 'కొత్తవారిని తీసుకుంటున్నదీ లేనిదీ ఇటీవల తెలియజేయలేదు' అని. మొదటిది ఆశ పెట్టే వాక్యం, రెండోది చేతులు దులుపుకునే వాక్యం. ఫోన్ చేస్తే రెండింటికీ జవాబు ఒకటే.

పద్నాలుగు చోట్ల చేశాను. ఎవరూ విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి. అందరూ "సారీ లవ్" అనే అన్నారు. ఏడో చోట మాత్రం రిసెప్షనిస్టు ఓపిగ్గా వివరించింది. ఎన్‌హెచ్‌ఎస్ కింద అయితే జాగా లేదు, వెయిటింగ్ లిస్టు కూడా మూసేశాం. ప్రైవేటుగా అయితే రేపు పదీ నలభైకి రావచ్చు. దవడ పంటికి రూట్ కెనాల్ 750 పౌండ్లు, పైన క్యాప్ వేరు. అదే డాక్టరా అని అడిగాను. అదే డాక్టరు. అదే కుర్చీ. రోగి జేబే తేడా.

మన దగ్గర ప్రభుత్వాసుపత్రి అంటే ప్రభుత్వ భవనం, ప్రభుత్వ జీతగాడు. ఇంగ్లండ్‌లో పెద్దాసుపత్రులు దాదాపు అలాగే ఉంటాయి కానీ పళ్ల సంగతి వేరు. క్లినిక్ డాక్టరు సొంతం, లేదా ఏదో కంపెనీది. అది ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుని కొంత పని ఎన్‌హెచ్‌ఎస్‌కి చేస్తుంది, మిగతా వేళ ప్రైవేటు చూసుకుంటుంది. జ్వరం వస్తే చూసే ఫ్యామిలీ డాక్టరు దగ్గర మన పేరు నమోదవుతుంది. ఆయన మన బాధ్యత ఊరికే వదులుకోలేడు. పళ్ల డాక్టరు దగ్గర 2006 తర్వాత అలాంటి నమోదే లేదు. చికిత్స నడిచినంత కాలమే మనం ఆయన రోగులం, అది ముగిస్తే ఎవరికి ఎవరో. అయినా తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే, "డెంటిస్టు దగ్గర రిజిస్టరయ్యారా అండీ?" అని అడుగుతూనే ఉంటారు. లేని తలుపుకు తాళం వెతుక్కోవడం అది.

మధ్యాహ్నం తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అదేవిట్రా, అంత పెద్ద దేశంలో పన్ను పీకేవాడు లేడా? మన బోస్ రోడ్డులో నాలుగడుగులేస్తే నలుగురు కనపడతారు కదా" అంది. తర్వాత, "ఉప్పునీళ్లు పుక్కిలించు నాన్నా, లవంగం అక్కడే పెట్టి నొక్కు" అంది. ఆ రోజు నాకు దొరికిన పూర్తి ఉచిత వైద్యం అదొక్కటే.

ఉచితం అనకూడదు కూడా. వీసా తీసుకునేటప్పుడే మనవాళ్లు ఆరోగ్య సర్‌చార్జి కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ పిల్లలకూ 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మూడేళ్ల వీసా మీద వెళితే ఆ ఒక్క పద్దు కిందే 10,866 పౌండ్లు ముందే కట్టాలి. జీతంలోంచి పన్ను ఎలాగూ పోతుంది. ఈ సర్‌చార్జి కట్టినా పంటి చికిత్సకు రుసుము మాఫీ కాదు. అక్కడి స్థానికుడిలాగే మనమూ కౌంటర్లో విడిగా కట్టాలి. కట్టడానికి సిద్ధమే, కట్టించుకునే కౌంటరు కనపడాలిగా!

బ్రిస్టల్ వీధిలో పోలీసులు

ఇది వలస వచ్చినవాళ్లకే ఎదురయ్యే కష్టం అనుకుంటే పొరపాటు. 2022 ఆగస్టులో బీబీసీ వాళ్లు దేశమంతటా 7,000 దాకా క్లినిక్కులకు ఫోన్ చేసి చూశారు. పదింటిలో తొమ్మిది కొత్త పెద్దవాళ్లను ఎన్‌హెచ్‌ఎస్ కింద తీసుకోవడం లేదు. పదింటిలో ఎనిమిది పిల్లల్ని కూడా తీసుకోవడం లేదు. కాబట్టి నా పద్నాలుగు ఫోన్లలో వింతేం లేదు, సగటు అనుభవమే.

2024 ఫిబ్రవరి 5న బ్రిస్టల్ నగరంలో సెయింట్ పాల్స్ అనే పేట వార్తలకెక్కింది. అంతకుముందు ఏడాది అక్కడ మూతపడ్డ క్లినిక్‌ను పేటవాసులు పోరాడి మళ్లీ తెరిపించుకున్నారు. తెరిచిన ఉదయం వందలమంది వరసకట్టారు. చంటిపిల్లల బండ్లతో తల్లులు, చేతికర్రలతో ముసలివాళ్లు వీధి మలుపు దాటి నిలబడ్డారు. జనాన్ని సర్దడానికి పోలీసులు రావాల్సి వచ్చింది. మర్నాడూ వరస తగ్గలేదు. కొత్త సినిమాకి మొదటి ఆట టికెట్ల దగ్గర మనం చూసే దృశ్యం. వాళ్లు నిలబడింది మాత్రం పళ్లు చూపించుకోవడానికి కూడా కాదు, పేరు రాయించుకోవడానికి.

తూర్పున సఫోక్ జిల్లాలో లీస్టన్ అనే చిన్న ఊళ్లో క్లినిక్ మూతపడితే 2021లో 'టూత్‌లెస్ ఇన్ సఫోక్' అని ఉద్యమమే పుట్టింది. బోసినోటి సఫోక్ అన్నమాట. అది తర్వాత దేశమంతా పాకి 'టూత్‌లెస్ ఇన్ ఇంగ్లండ్' అయింది. నొప్పి తట్టుకోలేక ఇంట్లో పటకారుతో తమ పన్ను తామే పీక్కున్నవాళ్ల కథలు 2023 జూలైలో పార్లమెంటు ఆరోగ్య కమిటీ నివేదికలోకే ఎక్కాయి. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మనం హాస్యానికి అంటాం. అక్కడ అది అక్షరాలా జరుగుతోంది.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది పిల్లల సంగతి. ఇంగ్లండ్‌లో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు ఆసుపత్రిలో చేరడానికి అన్నిటికంటే పెద్ద కారణం పుచ్చుపళ్లు. మత్తిచ్చి పళ్లు తీయించడానికి చేరుస్తారు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ పంటి చికిత్స పూర్తిగా ఉచితం అయిన దేశంలో!

కట్టుడు పళ్లకు రాజీనామా

ఈ వ్యవస్థ పుట్టుక మాత్రం చాలా ఉదాత్తమైనది. 1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైనప్పుడు గుండెకీ పంటికీ తేడా లేదు. అన్నీ ఉచితం. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చిన ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ పట్టుబట్టి తెచ్చిన పథకం అది. అప్పటికి ఆ దేశంలో పళ్ల పరిస్థితి ఎంత ఘోరమంటే, ఇరవై ఒకటో పుట్టినరోజుకో పెళ్లికో అమ్మాయికి పళ్లన్నీ పీకించి కట్టుడు పళ్ల సెట్టు బహుమతిగా ఇచ్చేవారట. రాబోయే భర్తకు పళ్ల ఖర్చు తప్పుతుందని! వరకట్నంలో ఇది మనవాళ్లకు తట్టని పద్దు.

ఉచితం అనగానే జనం విరగబడ్డారు. లెక్కలు వేసినవాళ్ల అంచనాలు తలకిందులయ్యాయి. మూడేళ్లు తిరగకుండానే, కొరియా యుద్ధంతో పెరిగిన ఆయుధాల ఖర్చు కోసం 1951 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి హ్యూ గైట్‌స్కెల్ కట్టుడు పళ్ల మీదా కళ్లజోళ్ల మీదా సగం ధర వసూలు చేయాలన్నాడు. అప్పటికి వేరే శాఖ చూస్తున్న బెవన్ ఏప్రిల్‌లో రాజీనామా విసిరికొట్టాడు. ఆయనతోపాటు బయటికొచ్చిన వాళ్లలో తర్వాత ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ ఒకడు. కట్టుడు పళ్ల కోసం మంత్రిపదవులు వదులుకున్న చరిత్ర మరెక్కడైనా ఉందా? మరుసటేడు కొత్త ప్రభుత్వం చికిత్సకు ఒక పౌండు రుసుము పెట్టింది. ఉచితమన్న మాట పంటి దగ్గరే మొదట సడలింది. అప్పుడు తెరిచిన గల్లాపెట్టె ఇంతవరకూ మూయలేదు.

అయినా అది సాధించింది తక్కువేం కాదు. 1968లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దవాళ్లలో నూటికి 37 మందికి సొంత పన్ను ఒక్కటీ లేదు. 2009 సర్వేకి అది ఆరుకి దిగింది. ఇప్పుడు పళ్లున్న వృద్ధులు ఎక్కువయ్యారు. పాతకాలపు ఫిల్లింగులు, వాటి కింద కొత్త పుచ్చులు, రూట్ కెనాళ్లు, క్యాపులు. బోసినోళ్లకు ఒక సెట్టు ఇచ్చి పంపితే సరిపోయేది. సొంత పళ్లను నిలబెట్టాలంటే జీవితాంతం పని పడుతూనే ఉంటుంది.

రేషన్ షాపు లెక్క

మరి ఎక్కడ బెడిసింది? డాక్టర్లు చాలక అని మంత్రులంటారు. డబ్బు చాలక అని డాక్టర్లంటారు. నాకు అసలు సంగతి తెలిసింది మా ఇంటి డాక్టరమ్మ చెప్పిన ఒక్క మాటతో: "ఇక్కడ పళ్లు లెక్కపెట్టరన్నయ్యా, యూడీఏలు లెక్కపెడతారు."

యూడీఏ అంటే దంతసేవకు ఒక కొలత. 2006 ఏప్రిల్‌లో వచ్చిన ఒప్పందం పళ్ల పనిని ఈ కొలతల్లోకి మార్చేసింది. రేషన్ డీలరుకి నెలకింత బియ్యమని కోటా ఇచ్చినట్టు, క్లినిక్‌కి ఏడాదికి ఇన్ని యూడీఏలని కోటా ఇస్తారు. పరీక్షకు ఒకటి. ఫిల్లింగ్ అయినా పన్ను పీకడమైనా మూడు. క్యాపులకూ కట్టుడు పళ్లకూ పన్నెండు. అర్జంటు నొప్పికి అప్పట్లో 1.2. బాగానే ఉందనిపిస్తుంది. మెలిక ఏమిటంటే 2022 దాకా ఒక ఫిల్లింగ్‌కీ మూడే, పది ఫిల్లింగులకీ మూడే. పదేళ్లుగా పళ్ల డాక్టరు మొహం చూడని మనిషి నోరు తెరిస్తే ఆ డాక్టరుకి లోపల నష్టం కనపడుతుంది. ఆ మనిషే కదా వైద్యం ఎక్కువ అవసరమైనవాడు. గంటన్నర పట్టే దవడ పంటి రూట్ కెనాల్‌కీ పదహారేళ్లపాటు ఆ మూడే ఇచ్చారు. 2022 చివర్లో గానీ దాన్ని ఏడు చేయలేదు, మూడు పళ్లకో ఆపైనో పని ఉంటే ఐదు చేయలేదు.

ఒక్కో యూడీఏకి ఎంత? అది క్లినిక్‌ని బట్టి. 2006కి ముందు ఒక ఏడాది ఎవరు ఎంత పని చేశారో చూసి ధర కట్టారు. అదే దాదాపు శిలాశాసనం అయి కూర్చుంది. ఒకే వీధిలో రెండు క్లినిక్కులకు రెండు ధరలు. 2024లో కనీస ధర 28 పౌండ్లకు పెంచారు. అంటే ఆ ధర దగ్గర ఫిల్లింగ్‌కి క్లినిక్‌కి దక్కేది 84 పౌండ్లు. ఆ ఏడాది రోగి కౌంటర్లో కట్టింది 73.50. అంటే ప్రభుత్వం తన చేత్తో వేసింది పది పౌండ్ల యాభై పెన్నీలు! ఈ లెక్క వేసుకున్న రోజున నాకు పన్ను నొప్పితో పాటు తలనొప్పి కూడా వచ్చింది. (రుసుము లేని పిల్లలకూ గర్భిణులకూ పేదలకూ మొత్తం ప్రభుత్వమే వేస్తుంది, అది నిజం.)

కోటా దాటి చూస్తే మహా అయితే కొద్దిపాటి అదనం, ఆపైన డబ్బు లేదు. కోటా 96 శాతానికి తగ్గితే మిగిలిన డబ్బు వెనక్కి కట్టాలి. అందుకే మార్చిలో కొన్ని క్లినిక్కులు కోటా అయిపోయి కుర్చీలు ఖాళీగా పెట్టుకుంటాయి, ఇంకొన్ని డాక్టర్లు దొరక్క డబ్బు వాపసు చేస్తాయి. ఇంకోవైపు బయట రోగులు అలాగే నిలబడి ఉంటారు. రేషన్ షాపులో బియ్యం ఉన్నా తూకం వేయకపోవడం మన ఊళ్లో లంచం వల్ల జరిగేది. అక్కడ నిబంధన ప్రకారమే జరుగుతోంది. లంచమే నయమనను. కానీ లంచగొండి మీద ఫిర్యాదు చేయొచ్చు, నిబంధన మీద ఎవరికి చేయాలి?

చేసినవాళ్లున్నారు. ఈ ఒప్పందం పనికిరాదని 2008లోనే ఒక పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. 2023లో ఇంకో కమిటీ అదే మాట ఇంకా గట్టిగా అంది. 2024 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఉద్దీపన ప్రణాళిక ప్రకటించింది. కొత్త రోగిని చూస్తే డాక్టరుకి అదనపు సొమ్ము, డాక్టర్లు లేని ప్రాంతాలకు వెళితే 20,000 పౌండ్ల నజరానా, ఊరూరా తిరిగే పళ్ల వ్యాన్లు. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు పద్దుల సంఘం తేల్చిందేమిటంటే ఆ ప్రణాళిక పూర్తిగా విఫలం. అదనపు సొమ్ము కింద 88 మిలియన్ పౌండ్లు పోశాక, చూసిన కొత్త రోగులు అంతకుముందుకంటే 3 శాతం తగ్గారు. వ్యాన్లు బయల్దేరనే లేదు. ఆ సంఘమే ఇంకో మాట బయటపెట్టింది: ఉన్న డబ్బు రెండేళ్లలో జనాభాలో సగం మందికే సరిపోతుందట. కోవిడ్‌కి ముందు రెండేళ్ల వ్యవధిలో పెద్దవాళ్లలో నూటికి 49 మంది ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టును చూడగలిగారు. 2024 మార్చికి అది 40కి పడిపోయింది. పద్నాలుగు చోట్ల నేను అడిగింది సగం మందికే వడ్డించేటట్టు వండిన విందులో విస్తరి.

రెండో క్యూ

నా క్యూ గురించి ఇంత చెప్పాను. మేడమీది అమ్మాయి క్యూ ఇంతకంటే పొడుగైనది.

మన బీడీఎస్ అక్కడ నేరుగా చెల్లదు. జనరల్ డెంటల్ కౌన్సిల్ నిర్వహించే ఓఆర్ఈ అనే పరీక్ష పాసవ్వాలి. దానికి ముందు ఇంగ్లిషు పరీక్ష, 1,600 గంటలు రోగులకు వైద్యం చేసినట్టు రుజువులు. మొదటి భాగం లండన్‌లో రెండు పేపర్లు. రెండో భాగం చేతిపని. రబ్బరు మొహమున్న బొమ్మ నోట్లో ప్లాస్టిక్ పళ్లకు డ్రిల్లు వేయాలి, నటుల్ని రోగులుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే జవాబు చెప్పాలి. ఆ రెండో భాగం ఫీజే నాలుగు వేల పౌండ్లు దాటింది. పరీక్ష కష్టం కాదంటుంది ఆ అమ్మాయి. "సీటు కష్టం. తత్కాల్ టికెట్టు తెలుసుగా, అలాగ. పొద్దున బుకింగ్ తెరుస్తారు, మనం పేరు కొట్టేలోపే అయిపోతుంది. ఆ రోజు క్లినిక్‌కి సెలవు పెట్టి మా ఆయనా నేనూ రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. నాలుగింట్లోనూ ఒకేసారి 'సీట్లు లేవు' వచ్చింది."

కోవిడ్‌లో ఈ పరీక్షలే ఆగిపోయాయి. మొదటి భాగం పాసైనవాళ్లకు ఐదేళ్ల గడువు దాటిపోతుంటే, దాన్ని పొడిగించడానికి చట్టమే మార్చాల్సి వచ్చింది. అభ్యర్థులు వేలల్లో, సీట్లు విడతకు వందల్లో. ఒకవైపు డాక్టర్లు లేరని ఊళ్లకు ఊళ్లు బ్యానర్లు కడుతున్నాయి. ఇంకోవైపు డాక్టర్లు సూపర్‌మార్కెట్ కౌంటర్లలో, వృద్ధాశ్రమాల్లో, నాలుగు రాళ్ల కోసం నర్సు యూనిఫాంలో ఉన్నారు. వాళ్లలో చాలామంది మన దేశం వాళ్లు.

పరీక్ష తీసేయాలని నేను అనను. తెలియని చేతికి డ్రిల్లు ఇమ్మని ఎవరంటారు? కానీ పరీక్ష పెట్టడం వేరు, పరీక్షకు కుర్చీ లేకపోవడం వేరు. రెండోది ప్రమాణం కాపాడటం అనిపించుకోదు.

దీనికి ఇంకో కొస మన దగ్గర ఉంది. ఎన్‌హెచ్‌ఎస్ పుట్టిన 1948లోనే మన దేశంలోనూ డెంటిస్టుల చట్టం వచ్చింది. బ్రిటిష్ పద్ధతిలోనే రిజిస్టరు, కౌన్సిలు. అప్పటినుంచి మనం డాక్టర్లను తయారుచేస్తూ వచ్చాం. దేశంలో పళ్ల కాలేజీలు 300 దాటాయి. అన్నింటా కుర్చీలు, విద్యార్థులు, ప్రొఫెసర్లు. బయట మాత్రం ప్రభుత్వం పళ్ల డాక్టర్లకిచ్చే కొలువులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. జిల్లా ఆసుపత్రిలోనో ఏరియా ఆసుపత్రిలోనో ఒక కుర్చీ. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పన్ను నొప్పితో వెళితే మాత్రలు ఇచ్చి టౌనుకి పొమ్మంటారు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దంతకళాశాల దగ్గర పొద్దున్నే ఓపీ చీటీ కోసం నిలబడేవాళ్లలో దూరపు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లదీ క్యూనే. మిగతా డాక్టర్లంతా టౌన్లలో ఒకే సందులో ఒకరి బోర్డు కింద ఒకరు. "గుంటూరులో నాకిచ్చిన జీతం చెబితే మీరు నవ్వుతారన్నయ్యా. మా క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయికీ నాకూ రెండు వేలు తేడా" అంది మేడమీది అమ్మాయి. మా అమ్మకి బోస్ రోడ్డులో కనపడే నలుగురు డాక్టర్ల వెనక ఉన్న కథ అది. మన దగ్గర డాక్టర్లు ఎక్కువై విమానమెక్కుతారు. ఇంగ్లండ్‌లో తక్కువై తలుపు మూస్తారు.

బ్రిటిష్ ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించిన పదేళ్ల ప్రణాళికలో, తమ దేశంలో చదివిన కొత్త డెంటిస్టులు కనీసం మూడేళ్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేయాలన్న ప్రతిపాదన ఉంది. మన పీజీ డాక్టర్లకు బాండు రాయించుకోవడం తెలిసినవాళ్లకు ఇది పాత సినిమా. కోర్టు సీను ఎప్పుడొస్తుందో కూడా మనం చెప్పగలం.

సూట్‌కేసులో ఎక్స్‌రేలు

మనవాళ్లు దీనికి తమ ఉపాయం తాము కనిపెట్టుకున్నారు. వేసవి సెలవులకు టికెట్లు కొనగానే, విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో డాక్టరుకి వాట్సాప్‌లో ఎక్స్‌రే పంపేస్తారు. దిగిన మర్నాడే మొదటి సిట్టింగు. పెళ్లి భోజనాలు ఎడమవైపు నములుతూ, వారంలో రెండో సిట్టింగు. క్యాప్ కొలతలు ఇచ్చి తిరుపతి వెళ్లిరావడం, వచ్చాక బిగించుకోవడం. మొత్తం ఖర్చు ఇంగ్లండ్ ప్రైవేటు బిల్లులో చిన్న ముక్క. టికెట్టు డబ్బులు పంటిలోనే వచ్చేశాయని ఒక పెద్దాయన నాతో గర్వంగా చెప్పాడు. చిక్కల్లా క్యాప్ నవంబరులో ఊడితేనే. ఇంగ్లండ్ డాక్టరు ఇంకొకరు చేసిన పని ముట్టుకోవడానికి ఇష్టపడడు, విజయవాడ డాక్టరు ఫోన్‌లో బిగించలేడు.

ఇంకో ఉపాయం గర్భం! హాస్యం కాదు. గర్భిణికీ, కాన్పయ్యాక ఏడాది పాటూ చికిత్స ఉచితం. మంత్రసాని రాసిచ్చే ఫారంతో సర్టిఫికెట్టు వస్తుంది. కడుపుతో ఉండగా పన్ను తీయిస్తే బిడ్డకి మంచిది కాదని మన అమ్మమ్మలు అనేవారు కానీ, మా వీధిలో ఒకావిడ రెండో కాన్పు చలవతో నాలుగు ఫిల్లింగులు పూర్తి చేసుకుంది. ఆదాయం తక్కువున్నవాళ్లు, పొదుపు 16,000 పౌండ్ల లోపు ఉంటే, హెచ్‌సీ1 ఫారం పెట్టుకోవచ్చు. మన విద్యార్థుల్లో చాలామందికి ఈ ఫారం ఒకటుందనే తెలియదు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలన్న భయం కూడా అక్కర్లేదు. పళ్లు బాగున్న పెద్దవాళ్లు రెండేళ్ల దాకా ఆగొచ్చని అక్కడి మార్గదర్శకాలే చెబుతాయి.

ఇక నొప్పి వచ్చాక మిగిలిన దారి 111. మన 108 లాంటిది కాదు, అంబులెన్సు కాకుండా సలహా ఇచ్చే నంబరు. ఎమర్జెన్సీ వార్డుకి పరిగెత్తితే నొప్పి మాత్రలు రాసి పంపుతారు. అక్కడ పన్ను తీసేవాళ్లుండరు. 2025 ఏప్రిల్ నుంచి ఏటా 7 లక్షల అర్జంటు అపాయింట్‌మెంట్లు అదనంగా ఇస్తామని ప్రభుత్వం చెప్పుకుంది. అందులో ఒకటి నాకు రాసిపెట్టి ఉంది.

మంగళవారం పొద్దునకి చెంప వాచింది. 111కి చేశాను. జ్వరముందా, మింగగలుగుతున్నారా, కన్ను మూసుకుపోతోందా, ఊపిరి ఆడుతోందా అని ఓ పాతిక ప్రశ్నలు. మూడు గంటల తర్వాత ఒక నర్సు వెనక్కి ఫోన్ చేసి మళ్లీ అవే ప్రశ్నలు. బుధవారం సాయంత్రం నాలుగూ పదికి, ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఒక క్లినిక్. రెండు బస్సులు మారి వెళ్లాను. రుసుము 27 పౌండ్ల 40 పెన్నీలు.

డాక్టరు గ్రీకు కుర్రాడు, చాలా మంచివాడు. రూట్ కెనాల్ చేయలేరా అని అడిగాను. అర్జంటు స్లాటులో నొప్పి తగ్గించడం వరకే అన్నాడు. మందు పెట్టి మూసి పంపించగలను, మిగతాది మీ డెంటిస్టు చేయాలి అన్నాడు. నా డెంటిస్టు ఎవరు? అతనికి అర్థమైంది. తీసేస్తే ఈ నొప్పి మళ్లీ రాదు అన్నాడు. నేను తల ఊపాను. పది నిమిషాల్లో అయిపోయింది. అడిగితే పన్నును చిన్న కవర్లో పెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా యూనిఫాంలోనే వంటింట్లో టీ పెడుతోంది. కవరు అందుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్లతో కాదు, టిష్యూతో పట్టుకుని, డాక్టరులా.

"వేర్లు రెండూ నిటారుగా ఉన్నాయన్నయ్యా. కెనాల్‌కి ఇంత సులువైన పన్ను దొరకదు" అంది.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మొదటి ఏడాదిలో ప్రాక్టికల్స్‌కి ఇలాంటి పళ్ల కోసం గుంటూరులో క్లినిక్కులన్నీ తిరిగేవాళ్లం. మంచిది దొరికితే సీసాలో దాచుకునేవాళ్లం. ఇది మీకొద్దా?" అని అడిగింది.

వద్దన్నాను. కవరు మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుని, టీ గ్లాసుతో మేడమీదికి వెళ్లింది.